ఫొటో వర్క్‌షాప్ కోసం దేశం దాటేవారికి: సియెమ్ రీప్ వెళ్లివచ్చిన నా అనుభవం నుంచి

మాది తెనాలి. నాన్నగారు పెట్టిన స్టూడియోనే నేను నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాశనలు, మధ్యలో పాస్‌పోర్టు ఫొటోలు. పదిహేనేళ్లు ఈ పని చేశాక కంబోడియాలోని సియెమ్ రీప్ పట్టణంలో జరిగే అంగ్‌కోర్ ఫొటో వర్క్‌షాప్‌కు దరఖాస్తు పంపాను. ఎంపికయ్యాను. వెళ్లివచ్చిన దగ్గర నుంచి తోటి ఫొటోగ్రాఫర్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఏ లెన్సు పట్టుకెళ్లావు, ఎంత ఖర్చయింది, వీసా ఎవరు చేయించారు, ఇంగ్లిషు రాకపోతే కష్టమా అని. విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. వర్క్‌షాప్‌లో మన చేతికి దొరికేది అటూఇటూగా ఒక వారం. ఆ వారంలో మన ధ్యాస అంతా ఒక్క చోట, ఒకరిద్దరు మనుషుల మీద నిలవాలి. వీసా, సామాను బరువు, బ్యాటరీలు, చిల్లర డబ్బులు, ఫైళ్లు దాచుకోవడం లాంటివన్నీ ఆ ధ్యాసను కొరుక్కు తింటాయి. అందుకే వాటిని ఇంటి దగ్గరే తేల్చేసుకోవాలి. నేను చెప్పబోయే జాగ్రత్తలన్నీ దీనికోసమే.

ఏ వర్క్‌షాప్‌కు వెళ్లాలి

విదేశీ వర్క్‌షాప్ అనే పేరుతో రెండు వేరు వేరు విషయాలు నడుస్తున్నాయి. ఒకటి ఫొటో యాత్ర. నిర్వాహకులే సూర్యోదయానికి ఒక చోటికి, సూర్యాస్తమయానికి మరో చోటికి తీసుకువెళతారు. పదిమంది పక్కపక్కన నిలబడి ఒకే కొండను, ఒకే జలపాతాన్ని తీసుకుని వస్తారు. లక్షల్లో ఖర్చు. ప్రకృతి చిత్రాలే మీ ప్రాణమైతే అందులో తప్పేమీ లేదు. రెండోది కథ చెప్పడం నేర్పే వర్క్‌షాప్. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఎక్కడికీ తీసుకువెళ్లరు. మీ విషయాన్ని మీరే వెతుక్కోవాలి, రోజూ తీసిన ఫొటోలు తెచ్చి గురువు ముందు పెట్టాలి, చివరికి పదీ పదిహేను ఫొటోల కథ ఒకటి నిలబడాలి.

అంగ్‌కోర్ వర్క్‌షాప్ ఈ రెండో కోవకు చెందినది. 2005లో మొదలైంది. ఆసియా దేశాల యువ ఫొటోగ్రాఫర్ల కోసం, ఫీజు లేకుండా నడుపుతున్నారు. ప్రయాణం, బస, తిండి మాత్రం మన ఖర్చే. దగ్గరలోనే ఇంకా ఉన్నాయి. ఢాకాలో 1998లో ‘పాఠశాల’ అని మన మాటతోనే ఒక ఫొటో విద్యాసంస్థ పెట్టారు. కాఠ్మాండూలో 2015 నుంచి ఫొటో కాఠ్మాండూ ఉత్సవం జరుగుతోంది. దూరం వెళ్లగలిగితే అమెరికాలోని మిస్సోరీలో 1949లో మొదలైన వర్క్‌షాప్ ఉంది. అక్కడ ఒక చిన్న ఊరికి తీసుకువెళ్లి, వారమంతటికీ 400 ఫ్రేములే, అంటే 400 ఫొటోలే తీయాలి, ఒక్కటీ చెరపకూడదు అంటారు. ఒక్క పెళ్లికి నాలుగు వేలు తీసే మనకు ఆ నియమం వింటేనే గుండె గుభేలుమంటుంది. కానీ వెళ్లే ముందు మీ ఊళ్లో ఒక వారం ఆ నియమంతో పనిచేసి చూడండి. నేను తెనాలి కూరగాయల మార్కెట్‌లో చేసి చూశాను. మూడో రోజుకే, షట్టర్ నొక్కే ముందు నా వేలు ఆగడం నాకే తెలిసింది.

మొదటిసారి దేశం దాటేవారు ఆసియాలోనే వెళ్లండని నా సలహా. ఖర్చు తక్కువ, పైగా మనుషులకు దగ్గర కావడం మనకు తేలిక.

దరఖాస్తులో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే. అందమైనవన్నీ ఏరి పంపుతారు: ఒక పెళ్లికూతురు, ఒక సూర్యాస్తమయం, ఒక ముడతల ముఖం, ఒక కుక్కపిల్ల. ఎంపిక చేసేవారు చూసేది అది కాదు. ఒకే విషయం దగ్గర మీరు ఎంతసేపు నిలబడగలరు అన్నది చూస్తారు. నేను పంపింది దుగ్గిరాల పసుపు యార్డులో కొమ్ములు ఏరే ఆడవాళ్ల ఫొటోలు. రెండు సీజన్లు వెళ్లి తీసినవి. అందులో గొప్ప ఫొటోలు మూడో నాలుగో ఉంటాయి. కానీ అన్నింటిలోనూ ఆ ఆరుగురు మనుషులే కనిపిస్తారు. ఫొటోలతో పాటు రాసే నాలుగు మాటల్లో కూడా కళ గురించి పెద్ద మాటలు వద్దు. ఎవరు, ఎక్కడ, మీరు ఎందుకు వెళుతున్నారు, ఇంతే చాలు. ఇంగ్లిషు సరిగా రాకపోతే తెలుగులో రాసుకుని, తెలిసినవారి చేత సాదాగా మార్పించుకోండి. నా ఇంగ్లిషు ఇప్పటికీ అంతంతమాత్రమే. వర్క్‌షాప్‌లో సగం మందిదీ అదే పరిస్థితి. బల్ల మీద ఫొటోలు పరిచాక భాష అవసరం చాలా తగ్గిపోతుంది.

కాగితాలు

పాస్‌పోర్టుకు ఆరు నెలలైనా గడువు ఉండాలి. కంబోడియా టూరిస్ట్ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. 30 డాలర్లు, దాని మీద కొంత ప్రాసెసింగ్ రుసుము. 30 రోజులు ఉండవచ్చు. అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపిస్తూ రెట్టింపు వసూలు చేసేవి చాలా ఉన్నాయి కాబట్టి, చిరునామా చివర గవ్ డాట్ కేహెచ్ అని ఉందో లేదో చూసుకోండి. బయలుదేరే ముందు వారం లోపల ఈ-అరైవల్ ఫారం కూడా నింపాలి. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఏ దేశమైనా సరే, వర్క్‌షాప్‌కు టూరిస్ట్ వీసా సరిపోతుందా లేదా అని నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి. వారి ఆహ్వాన పత్రం ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి.

కెమెరా విషయంలో మన కస్టమ్స్‌వారి కాగితం ఒకటుంది, చాలామందికి తెలియదు. వాడుతున్న ఖరీదైన పరికరాలను బయటికి తీసుకువెళ్లేటప్పుడు విమానాశ్రయంలోని కస్టమ్స్ కౌంటర్‌లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు ‘ఇది అక్కడ కొన్నారా’ అనే ప్రశ్న రాకుండా అది కాపాడుతుంది. కెమెరా బాడీలు, లెన్సులు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్లతో ఒక పేజీ జాబితా టైపు చేసుకుని, బిల్లుల నకళ్లు జతచేసి, మామూలు కంటే ఒక గంట ముందు వెళ్లండి. పరికరాలకు బీమా విడిగా చేయించండి. మామూలు ప్రయాణ బీమాలో కెమెరాకు ఇచ్చేది ఒక లెన్సు ఖరీదుకు కూడా సరిపోదు.

తెలుగు రాష్ట్రాల నుంచి సియెమ్ రీప్ వెళ్లాలంటే బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ లాంటి చోట విమానం మారాలి. నేను రైల్లో చెన్నై వెళ్లి, అక్కడి నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్లాను. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే రెండు మూడు వేలు మిగలవచ్చు కానీ, మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే ఆ దేశపు వీసా నిబంధనలు కూడా మీ మెడకు చుట్టుకుంటాయి. సియెమ్ రీప్‌లో 2023 అక్టోబరులో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్లకు పైగా దూరం. రాత్రి దిగేటట్లయితే బస చేసే చోటివారితో కారు ముందే మాట్లాడుకోండి. వర్క్‌షాప్ మొదలయ్యే రోజుకు కాదు, రెండు రోజుల ముందే దిగండి. ఊరు తిరిగి చూడటానికి, విషయం వెతుక్కోవడానికి ఆ రెండు రోజులే ఆధారం.

సంచి

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే కాబట్టి నా తప్పు ముందు చెబుతాను. నేను రెండు బాడీలు, 24-70, 70-200 ఎంఎం జూమ్ లెన్సులు, ఫ్లాష్, ట్రైపాడ్ సర్దుకున్నాను. పెళ్లికి వెళ్లినట్టే. చెన్నైలో చేతి సంచిని కాటా మీద పెట్టించారు. అనుమతి 7 కిలోలు, నాది పదిన్నర. క్యూ మొత్తం చూస్తుండగా నేల మీద కూర్చుని సంచి విప్పి, లెన్సులను కోటు జేబుల్లో వేసుకుని, ట్రైపాడ్‌ను లగేజీలో వేశాను. అంత అవస్థపడి మోసుకెళ్లిన 70-200 ఎఫ్/2.8 బరువు ట్రైపాడ్‌కు బిగించే కాలర్‌తో కలిపి 1,440 గ్రాములు. అక్కడ దాన్ని సంచిలో నుంచి ఒక్కసారి కూడా తీయలేదు. నేను వారమంతా పనిచేసింది 40 ఎంఎం ఎఫ్/2తో. దాని బరువు 170 గ్రాములు.

కాబట్టి నా మాట వింటే ఒక బాడీ, జూమ్ లేని రెండు చిన్న ప్రైమ్ లెన్సులు చాలు. ఒకటి 28 లేదా 35 ఎంఎం, రెండోది 40 లేదా 50. అదనపు బాడీ స్నేహితుల దగ్గర అరువు దొరికితే గదిలో ఉంచుకోవడానికి తీసుకువెళ్లండి. మొదటిది మొరాయిస్తే వారం మొత్తం పోకుండా ఉంటుంది. పొడవైన లెన్సు వద్దనడానికి బరువొక్కటే కారణం కాదు. 200 ఎంఎంతో వీధి అవతలి నుంచి తీసేటప్పుడు ఆ మనిషితో మాట్లాడే అవసరం ఉండదు. మాట్లాడకుండా తీసినది కథలో నిలవదు.

విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంక్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల వరకు అడగరు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతితో రెండే. లెక్క తేలిక: ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 3.7 వోల్టుల మీద 74 వాట్-అవర్లు. కెమెరా బ్యాటరీ పదహారు దగ్గర ఉంటుంది. పవర్ బ్యాంక్ మీద అంకెలు చెరిగిపోతే తనిఖీలో పక్కన పెట్టేస్తారు, అలాంటిది తీసుకువెళ్లవద్దు. బ్యాటరీల మొనలకు టేపు అంటించండి.

కంబోడియాలో కరెంటు మనలాగే 230 వోల్టులు. మన రెండు పిన్నుల ప్లగ్గు చాలాచోట్ల పడుతుంది, మూడు పిన్నులది పట్టదు. నేను మన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి, అడాప్టర్ ఒకటి పట్టుకెళ్లాను. గదిలో ఒక్క సాకెట్టే ఉన్నా రాత్రి పూట ల్యాప్‌టాప్, రెండు బ్యాటరీలు, ఫోను అన్నీ ఛార్జి అయ్యేవి. పక్క గదిలోని ఫిలిప్పీన్స్ అమ్మాయి ఛార్జర్ కూడా మా బోర్డుకే.

సంచిలో చోటు ఉంటే చిన్న ప్రింటర్ ఒకటి, లేదా ఊళ్లో 4×6 ప్రింట్లు వేసే చోటు మొదటి రోజే చూసి పెట్టుకోండి. దీని సంగతి తర్వాత చెబుతాను.

తేమ, పొద్దు

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొడి కాలం, మే నుంచి అక్టోబరు దాకా వాన. కోస్తా జిల్లాల వారికి ఆ ఉక్కపోత కొత్త కాదు. కొత్తది ఏమిటంటే ఏసీ గది. మొదటి తెల్లవారుజామున ఏసీ గదిలో నుంచి కెమెరా మెడలో వేసుకుని బయటికి వచ్చాను. లెన్సు మీద, వ్యూఫైండర్ మీద పొగమంచు పట్టినట్టు ఆవిరి కమ్మింది. తుడిస్తే మళ్లీ పట్టింది. ఇరవై నిమిషాలు కెమెరా చేతిలో ఉండి కూడా గుడ్డిగా నిలబడ్డాను. తెల్లవారుజామున ఆ ఇరవై నిమిషాలే బంగారం. ఇక రోజూ రాత్రి కెమెరాను జిప్ ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్ పొట్లాలతో మూసి, బాత్రూం పక్కన ఏసీ గాలి తగలని అలమరలో పెట్టేదాన్ని. బయటికి వచ్చాక అరగంట సంచి విప్పేదాన్ని కాదు.

ఊరి పక్కనే ఉన్న ప్రాచీన ఆలయం అంగ్‌కోర్ వాట్ గురించి కొంచెం. టికెట్టు ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. ఆ గుడి ముఖం పడమరకు ఉంటుంది. అందుకే కొలను ఒడ్డున వందలమంది తీసే సూర్యోదయంలో గోపురాలు నల్లని నీడలుగానే వస్తాయి. రాతి మీది పనితనం కనబడాలంటే మధ్యాహ్నం తర్వాత వెళ్లాలి. తూర్పు వసారాలో దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉంది. ఒకవైపు దేవతలు, ఒకవైపు అసురులు, మధ్యలో విష్ణువు. చిన్నప్పటి నుంచి విన్న కథను అంత పొడవున, అంత దూరదేశంలో, పన్నెండో శతాబ్దపు రాయి మీద చూస్తే మనసు నిండిపోతుంది. దానికి ఒక పూట కేటాయించండి, కెమెరా గదిలో వదిలేసి వెళ్లండి. వర్క్‌షాప్ కథను మాత్రం గుడిలో వెతకవద్దు. అనుమతి లేకుండా అక్కడ డ్రోన్ ఎగరేయకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

డబ్బు విషయం క్లుప్తంగా. డాలర్లు, ఆ దేశపు రియెల్ రెండూ నడుస్తాయి, డాలరుకు సుమారు 4,000 రియెల్. చిరుగు పట్టిన, మరక పడిన డాలరు నోటు ఎవరూ తీసుకోరు, మన దగ్గర మార్చుకునేటప్పుడే ఒక్కొక్కటి చూసి తీసుకోండి. నాకు విమాన టికెట్టు, గది, తిండి, వీసా, బీమా అన్నీ కలిపి పది రోజులకు 80 వేల రూపాయలు దాటలేదు.

మనుషులు

అక్కడ పరిచయం లేనివారిని కూడా మనలాగే వరస పెట్టి పిలుస్తారు. తమకంటే పెద్దవారు ‘బాంగ్’, అంటే అన్న గానీ అక్క గానీ. ముసలమ్మ ‘యెయ్’, ముసలాయన ‘తా’. రెండు చేతులు జోడించి నమస్కరిస్తారు. ‘సుమ్ థొత్ రూప్ బాన్ తే?’ అంటే ఫొటో తీసుకోవచ్చా అని. అందులో ‘రూప్’ మన రూపమే. ఈ ఒక్క వాక్యాన్ని విమానంలోనే బట్టీ పట్టండి. అడిగి, వారి ముఖంలో జవాబు చూసి, అప్పుడే కెమెరా ఎత్తండి.

కొన్నిచోట్ల అడగకుండానే వెనక్కి తగ్గాలి. అనాథాశ్రమాలకు ఫొటోల కోసం వెళ్లవద్దు. పిల్లలు పర్యాటక వస్తువులు కాదని అక్కడి స్వచ్ఛంద సంస్థలు ఊరంతా ప్రచారం చేస్తుంటాయి, వారు చెప్పేది నిజం. బౌద్ధ భిక్షువులను ఆడవారు తాకకూడదు, ఏదైనా ఇవ్వాలన్నా నేరుగా చేతిలో పెట్టకూడదు. పెద్ద వయసువారి విషయంలో ఇంకా మెత్తగా ఉండాలి. 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి వరకు ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో ఆ దేశంలో పదిహేను లక్షలకు పైగా ప్రజలు చనిపోయారు. నాంపెన్ నగరంలో ఒక బడిని జైలుగా మార్చి, తెచ్చిన ఖైదీలకు రాగానే ఫొటో తీశారు, తర్వాత దాదాపు అందరినీ చంపేశారు. ఆ ఫొటోలు ఇప్పుడు అక్కడి తువోల్ స్లెంగ్ మ్యూజియంలో గోడల నిండా ఉన్నాయి. మన వృత్తి పనిముట్టే అక్కడ అలా వాడారు. ఒక ముసలమ్మ నా కెమెరా చూసి ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఎందుకని నేను అడగలేదు. కెమెరా సంచిలో పెట్టి, నమస్కరించి, పక్క బల్ల దగ్గర టీ తాగి వచ్చేశాను. మీకూ అలాంటి సందర్భం వస్తే అంతే చేయండి.

ఐసు దుకాణం

విషయం ఎలా దొరుకుతుందో చెప్పడానికి నాకు దొరికిన తీరు చెప్పడం తప్ప వేరే దారి తెలియదు.

మొదటి రోజు ఊరంతా తిరిగి 1,400 ఫొటోలు తీశాను. రెండో రోజు సాయంత్రం గురువు వాటిలో నేను ఏరిన అరవైని తెర మీద చూశారు. రెండింటి దగ్గర ఆగారు, మిగిలినవి పక్కకు జరిపారు. ఆ రెండూ ప్సార్ లూ అనే పెద్ద బజారు వెనక, తెల్లవారుజామున ఐసు కోసే రేకుల షెడ్డులో తీసినవి. ఆయన కారణం చెప్పలేదు. రాత్రి గదిలో ఆ రెండింటినీ మిగతా యాభై ఎనిమిదితో పోల్చుకుంటూ కూర్చున్నాను. పన్నెండు దాటాక తెలిసింది: ఆ రెండింటిలోనే ఎవరూ నన్ను చూడటం లేదు. మిగిలిన అన్నింటిలో మనుషులు నా కోసం నిలబడ్డారు. పదిహేనేళ్లుగా ‘గడ్డం కొంచెం కిందికి, ఇటు చూడండి అమ్మా’ అని చెప్పి చెప్పి, నోరు తెరవకుండా చేతి సైగతో కూడా మనుషులను నిలబెట్టేస్తున్నాను. పెళ్లి పని చేసే ప్రతి ఒక్కరికీ ఈ అలవాటు ఉంటుంది, చూసుకోండి.

మూడో రోజు నాలుగున్నరకు షెడ్డుకు వెళ్లాను. భార్యాభర్తలు నడుపుతున్నారు. లారీ వచ్చి పొడవాటి ఐసు దిమ్మలు దింపింది. ఆయన ఇనుప కొక్కెంతో దిమ్మను లాగుతాడు. ఆమె చెంబుతో నీళ్లు చల్లి దాని మీది ఊక కడుగుతుంది. తెనాలిలో నా చిన్నప్పుడు సోడా బండి దగ్గర కూడా ఐసును ఇలాగే దాచేవారు, ఆ తడి ఊక వాసన వెంటనే గుర్తొచ్చింది. కెమెరా ఎత్తగానే ఆయన రంపం ఆపి, నిటారుగా నిలబడి నవ్వాడు. దించితే మళ్లీ కోశాడు. ఎత్తితే మళ్లీ ఆగాడు. పని చెడగొడుతున్నానని అర్థమై, కెమెరా సంచిలో పెట్టేసి, ఒక బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద ఆరున్నర దాకా ఊరికే కూర్చున్నాను. ఎవరు ఎంత కొంటారు, ఏ చేపల ఆవిడ అప్పు పెడుతుంది, వెలుగు ఎటునుంచి వస్తుంది అన్నీ చూశాను. వెలుగు తూర్పు వైపు రేకు సందులో నుంచి వచ్చి, ఆరు దాటాక సరిగ్గా రంపం కిందికి పడుతుంది.

నాలుగో రోజు మళ్లీ అదే డబ్బా. ఆమె నా ముందుకు ఒక ఐసు కాఫీ గ్లాసు జరిపింది. వెంట వచ్చిన స్థానిక విద్యార్థి చేత నేనెవరో, ఈ ఫొటోలు ఏం చేస్తానో, ఎవరికి చూపిస్తానో పూర్తిగా చెప్పించాను. అలాంటి మనిషిని రోజుకు కొన్ని గంటలైనా మాట్లాడుకోండి, ఖర్చులో అది చివర తగ్గించాల్సిన పద్దు. ఆ రోజు ఆరు గంటలకు కెమెరా తీశాను. ఆయన ఒకసారి చూసి, మళ్లీ రంపం వేశాడు. పళ్లు దిగిన చోట నుంచి తెల్లటి పొడి రాలి, రబ్బరు చెప్పుల్లోని ఆయన కాలివేళ్ల మీద పడుతోంది. పడ్డది కరిగేలోపు మళ్లీ పడుతోంది. ఆమె తడిసిన రియెల్ నోట్లను ఐసు పెట్టె మూత మీద వరుసగా పరిచి, ఒక్కొక్కదాని మీద చిన్న ఐసు ముక్క బరువుగా పెడుతోంది, ఎగిరిపోకుండా. ఆ ముక్కలు కరిగి నోట్లు మళ్లీ తడుస్తాయని ఆమెకు తెలుసు, గాలికి పోవడం కంటే అదే నయమని కాబోలు. ఆ మూత మీది నోట్ల ఫొటోతోనే చివరికి నా కథ మొదలైంది.

అక్కడి నుంచి మీరు తీసుకోవలసినది చెబుతాను. నడిచిగానీ పది నిమిషాల రిక్షాలోగానీ చేరగలిగే చోటు ఎంచుకోండి. టోన్లే సాప్ సరస్సు మీది కర్రల ఇళ్ల ఊళ్లు ఎంతో అందంగా ఉంటాయి. కానీ వెళ్లిరావడానికే సగం రోజు పోతుంది, రెండోసారి వెళ్లబుద్ధి కాదు. రోజూ ఒకే సమయానికి జరిగే పని అయితే మరీ మంచిది. మొదటి రెండు రోజుల్లో మూడు చోట్లు చూసుకుని, మూడో రోజుకు ఒకటి ఖాయం చేసి, మిగతా రెండింటినీ మరిచిపోండి. తోటివారి విషయం మీదానికంటే బాగుందనిపిస్తుంది. నాకూ అనిపించింది, రోజూ. మార్చకండి.

సాయంత్రం పని

గదికి రాగానే స్నానానికి కూడా ముందే కెమెరా మెమరీ కార్డులు ఖాళీ చేయాలి. ఫైళ్లు దాచుకునే చిన్న డ్రైవులు, ఎస్ఎస్‌డీలు, రెండు పెట్టుకుని రెండింటిలోకీ కాపీ చేయండి. ఒకటి గదిలో, ఒకటి ఎప్పుడూ మీ ఒంటి మీద సంచిలో. రెండు కాపీలూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి. కార్డులు సరిపడా ఉంటే ఇంటికి వచ్చేదాకా చెరపకపోవడం ఇంకా మేలు. ఎంచుకున్న ఫొటోల చిన్న జేపెగ్‌లను రాత్రి పడుకునే ముందు క్లౌడ్‌లోకి ఎక్కించండి.

తర్వాత ఒక నోటు పుస్తకంలో ఆ రోజు కలిసినవారి పేర్లు, వరసలు, వారు చెప్పిన విషయాలు రాయండి. నేను ఒక రోజు అలసిపోయి రాయలేదు. చేపలావిడ కూతురి పేరు ఇక ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు, కథలో ఆ ఫొటో కింద ఖాళీ మిగిలింది.

ఏరేటప్పుడు తెర మీద చూసి ఊరుకోకండి. నాలుగో రోజు నుంచి నలభై ఫొటోలు 4×6 ప్రింట్లు వేయించి గది నేల మీద పరిచేదాన్ని. నేల మీద ఉంటే ఒకే మాట రెండుసార్లు చెప్పే ఫొటోలు వెంటనే పక్కపక్కకు వచ్చి చేరతాయి, ఒకటి తీసేయవచ్చు. నలభై నుంచి పద్నాలుగుకు రావడానికి మూడు రాత్రులు పట్టింది. గురువు తీసేయమన్న ఫొటో మీకు ప్రాణమైతే ఎందుకు కావాలో నోటితో చెప్పి చూడండి. చెప్పలేకపోతే తీసేయండి. నేను రెండుసార్లు చెప్పగలిగాను, రెండుసార్లూ ఆయన ఉంచారు.

ఆ ప్రింట్లకు రెండో ఉపయోగం ఉంది. ఎవరి ఫొటో తీశారో వారికి ఇచ్చి రావడం. ‘పంపిస్తాను’ అని చెప్పి విమానం ఎక్కిన ఫొటోగ్రాఫర్లను ఆ ఊరు చాలామందిని చూసింది. చివరి తెల్లవారుజామున పన్నెండు ప్రింట్లు కవరులో పెట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఆమె చేతులు తుడుచుకుని ఒక్కొక్కటే చూసి, భర్త ఐసు కోస్తున్న ఫొటోను పక్కన పెట్టి, నోట్ల ఫొటో దగ్గర ఆగింది. వేలితో నోట్లు లెక్కపెట్టింది. పదకొండు. విద్యార్థితో ఏదో అని నవ్వింది. ఆ రోజు చేపలావిడ అప్పు తీర్చిన డబ్బు అదేనట.

తిరుగు ప్రయాణంలో ఎస్ఎస్‌డీలు రెండూ ఒకే సంచిలో వేయకండి. కస్టమ్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు మధ్యలో ఉంచుకోండి, దిగగానే అడగవచ్చు. ఇంటికి వచ్చిన వారం లోపు ఫొటోల కింద రాతలన్నీ పూర్తి చేసేయండి. ముహూర్తాలు మొదలయ్యాక ఆ ఫోల్డరు తెరిచే తీరిక దొరకదు.